ఒంటి కన్నం లాప్‌టాప్

మా ఇంట్లో లాప్‌టాప్‌కి ఒకటే కన్నం. నాలుగు పక్కలా తిప్పి చూశాను, బోర్లించి చూశాను, మూత ఎత్తి చూశాను. ఎడమ పక్కన ఓ మూల, చింతగింజ అడ్డంగా దూరేంత కన్నం ఒక్కటే ఉంది. ఇయర్‌ఫోన్‌కి ఇంకో గుండ్రటి చిల్లు ఉంది గానీ అది లెక్కలోకి రాదు. చార్జింగ్ పెట్టాలన్నా, పెన్‌డ్రైవ్ పెట్టాలన్నా, ఇంకేది తగిలించాలన్నా ఆ చింతగింజ కన్నమే దిక్కు. టైప్-సి అంటారట దాన్ని. ఇంత ఖరీదైన వస్తువు చేసినవాళ్ళకి రెండో కన్నం పెట్టడానికి చేతులు రాలేదు.

నేను తెనాలిలో మైక్ సెట్ల వాణ్ణి. నా ఆంప్లిఫయర్ వెనక్కి తిప్పితే తేనెపట్టులా ఉంటుంది. ఎనిమిదో తరగతి సగంలో నేను బడిని వదిలేశానో, బడే నన్ను వదిలేసిందో ఇప్పటికీ తేలలేదు గానీ, ఆ కన్నాల్లో ఏది ఎక్కడికి పోతుందో కళ్ళు మూసుకుని చెప్పగలను. మా ఆవిడ బీఏ తెలుగు. మా ఇద్దరి చదువూ కలిపి సగం చేస్తే ఇద్దరం ఇంటర్ దాకా వచ్చినట్టే అని పెళ్ళైన కొత్తలో అందరికీ చెప్పేవాణ్ణి. అలా చెప్పినప్పుడల్లా ఆవిడ నవ్వేది. తన వాటాలోంచి నాకు పంచి ఇచ్చానని ఏనాడూ దెప్పలేదు.

మా వీధి చివర శుభలేఖలు అచ్చు వేసే ప్రెస్సు ఉంది. దాని యజమాని ప్రతి ప్రూఫూ పట్టుకుని మా గుమ్మంలోకి వస్తాడు. "చెల్లెమ్మా, ఒక్కసారి చూసి పెట్టమ్మా" అంటాడు. పొయ్యి మీద పప్పు ఉడుకుతుంటే గరిట ఎడమ చేతిలోకి మార్చి, కుడి చేత్తో పెన్ను తీసుకుంటుంది మా ఆవిడ. ముందు ఒకసారి మామూలుగా చదువుతుంది. తరువాత కింద చివరి మాట నుంచి పైకి, వెనక నుంచి ముందుకు చదువుకుంటూ వస్తుంది. మొదటిసారి చూసినప్పుడు మంత్రమేదో తిరగేస్తోందని భయపడ్డాను.

"వెనక నుంచి ఎందుకోయ్?" అని అడిగాను.

"ముందు నుంచి చదివితే కళ్ళు చదవవండి, మనసు చదివేస్తుంది. తప్పున్నా సర్దేసుకుని వెళ్ళిపోతుంది. వెనక నుంచి వస్తే అర్థం ఉండదు కదా, ఒక్కో అక్షరం ఒంటరిగా దొరుకుతుంది."

మనసు సర్దుకుపోతుంది కాబట్టే నన్ను చేసుకున్నావు, వెనక నుంచి చదివుంటే దొరికిపోయేవాణ్ణి అన్నాను. గరిట చూపించింది.

పదిహేనేళ్ళు ఇలా ఊళ్ళో ఎన్ని పెళ్ళిళ్ళ తప్పులు సరిచేసిందో లెక్క లేదు. ఏ కార్డు మీదా ఆవిడ ఉన్నట్టు తెలియదు. తప్పు పడితే అందరికీ కనిపిస్తుంది, తప్పు తీసేసిన మనిషి ఎవరికీ కనిపించదు. అలాంటి రోజుల్లో ప్రెస్సాయన ఒక కబురు తెచ్చాడు. పిల్లల పుస్తకాలు వేసే వాళ్ళెవరో ఇంట్లో కూర్చుని ప్రూఫులు దిద్దేవాళ్ళ కోసం చూస్తున్నారట. ముందు పరీక్ష పెడతారు. నెగ్గితే పని ఇస్తారు. పుస్తకం మొదట్లో, చిన్న అక్షరాల్లో, దిద్దినవారి పేరు కూడా వేస్తారు.

ఆ చివరి ముక్క వినగానే ఆవిడ మొహం చూశాను. కొంగు చివర వేలికి చుట్టుకుని, విప్పి, మళ్ళీ చుట్టుకుంది. అది చాలు నాకు. పరీక్షకి పేరు ఇచ్చేసింది.

పరీక్ష ఆదివారం, పది నుంచి ఒంటిగంట దాకా, కంప్యూటర్‌లోనే. ఒక పక్క పాత పుస్తకం పేజీ ఫొటో, ఇంకో పక్క టైపు చేసిన పేజీ. రెండూ పోల్చి తప్పులు పట్టాలి. మధ్యలో కంప్యూటర్ ఆగిపోతే అంతే సంగతులు, రెండో అవకాశం లేదని ముందే రాశారు. పెద్ద స్క్రీన్ ఉంటే మంచిదనీ రాశారు.

రేపల్లెలో ఉండే మా బావమరిది, అంటే మా ఆవిడ తమ్ముడు, కొత్త లాప్‌టాప్ కొనుక్కుని పాతది వాళ్ళక్కకి పంపాడు. అదే ఈ ఒంటి కన్నం మనిషి. నాజూకైనది, అరిటాకంత పలచన. దాంట్లో రెండు పేజీలు పక్కపక్కన పెడితే ఒత్తు ఏదో, దుమ్ము ఏదో తెలియడం లేదు. ఒక రోజు సాధన చేసేసరికి ఆవిడ కళ్ళు ఎర్రబడి నీళ్ళు కారాయి. పైగా చార్జింగ్ తీస్తే గంటన్నర నిలవడం గగనం. పరీక్ష మూడు గంటలు.

పెద్ద స్క్రీన్ సంగతి నేను చూస్తానన్నాను. పెళ్ళిళ్ళలో నా మైకు పక్కనే తన కెమెరా పెట్టుకునే ఫొటో స్టూడియో తమ్ముడొకడు ఉన్నాడు. వాడి దగ్గర పాత మానిటర్ ఒకటి మూల పడి ఉంది.

"తీసుకుపో అన్నయ్యా. పాడవలేదు, పాడవదు కూడా. దాని మొహం రోజూ చూసి చూసి నాకే విసుగొచ్చింది" అన్నాడు.

"ఈ మాట మీ ఇంట్లో అనకు. వేరే అర్థం చేసుకుంటారు" అని చెప్పి, మానిటర్‌ని స్కూటర్ ముందు కాళ్ళ మధ్య నిలబెట్టుకుని, బళ్ళో చేర్పించే పిల్లాణ్ణి తీసుకెళ్ళినట్టు ఇంటికి తెచ్చాను. చదరపు మొహం, బరువైన పీట. వెనకాల నీలం తలకాయ ఉన్న లావుపాటి కేబుల్. ఆ తలకాయలో పదిహేను సూదులు, దానికి రెండు వైపులా దుద్దుల్లా రెండు స్క్రూలు. వీజీఏ అంటారు. దాన్నీ, లాప్‌టాప్‌నీ బల్ల మీద ఎదురెదురుగా పెట్టాం. ఇటు పదిహేను సూదులు, అటు చింతగింజ కన్నం. పెళ్ళిచూపుల్లో పొడుగు కుదరని జంటలా ఒకదాన్నొకటి చూసుకున్నాయి.

నేను కంగారు పడలేదు. మా పనిలో ఒకటి రెండుగా మారాలంటే వై పిన్ను వేస్తాం. ఒకే కాలువ రెండుగా చీలినట్టు, ఒక వైరు రెండు బాక్సులకి పోతుంది. గాంధీ చౌక్ దగ్గర ఫోన్ల కొట్టుకి వెళ్ళి, నీలం తలకాయని టైప్-సిగా మార్చే చిన్న వైరు ఒకటి, టైప్-సి వై పిన్ను ఒకటి తెచ్చాను. కొట్టు వాడు "ఈ వై పిన్ను ఇయర్‌ఫోన్లకండి" అని చెప్పాడు పాపం. వైరు వైరే కదా అన్నాను. ముప్పై ఏళ్ళ అనుభవం నాది!

చిన్న వైరు ఒక్కటే పెడితే మానిటర్‌లో బొమ్మ వచ్చింది, కానీ చార్జర్‌కి చోటు లేదు. మధ్యలో వై పిన్ను దూర్చితే చార్జింగ్ ఎక్కింది, బొమ్మ పోయింది. తిండి పెడితే చూపు పోతుంది, చూపు ఇస్తే తిండి పోతుంది. పీకి పెట్టి, పీకి పెట్టి, మధ్యాహ్నం భోజనం చల్లారిపోయింది.

"ఏవండీ, ఇది మైకు కాదండి" అంది మా ఆవిడ.

"నాకు తెలుసు."

"తెలిస్తే మరి ఎందుకు తెచ్చారు?"

"ఇప్పుడే తెలిసింది."

కావలసింది హబ్ అని బావమరిది ఫోన్‌లో చెప్పాడు. ఒక తోక కన్నంలోకి వెళ్తుంది, మిగతా ఒంటి నిండా మూతులు ఉంటాయి, బొమ్మ ఒక మూతికి, చార్జర్ ఒక మూతికి. తెనాలిలో మూడు కొట్లు తిరిగాను. హబ్బులు ఉన్నాయి, కానీ అన్నీ కొత్త మానిటర్లకి సరిపోయే సన్న మూతివి. నీలం తలకాయ పట్టేది ఒక్కటీ లేదు. ఆన్‌లైన్‌లో పెడితే సోమవారం వస్తుందట. అప్పటికి పరీక్ష అయిపోయి మా ఆవిడ మళ్ళీ శుభలేఖల్లో పడుతుంది. ప్రెస్సాయనే దారి చెప్పాడు: బాపట్లలో కాలేజీల వైపు ఒక పెద్దాయన ఉన్నాడు, కంప్యూటర్ ల్యాబులో పని చేసి రిటైరయ్యాడు, పాత సామాను ఏదైనా ఆయన దగ్గర ఉంటుంది.

గురువారం పాసింజర్ ఎక్కి బాపట్ల వెళ్ళాను. ఆ కొట్టు చూస్తే నాకు కడుపు నిండిపోయింది. గోడంతా అట్టపెట్టెలు, ప్రతి పెట్టె మీదా చేత్తో రాసిన చీటీ. పోగొట్టుకున్న స్క్రూ దగ్గర నుంచి పుట్టి ముప్పై ఏళ్ళైన కేబుల్ దాకా దేని చోటు దానికుంది. ఆయన కళ్ళజోడు నుదుటి మీద పెట్టుకుని, ఎవరు ఏమడిగినా తల ఎత్తకుండా "మూడో వరస, కింద నుంచి రెండోది" అంటున్నాడు. ఇద్దరు లెక్చరర్లు బల్ల దగ్గర నిలబడి ఏదో ప్రింటర్ బాగు చేయించుకుంటున్నారు.

"బాబాయ్ గారూ, ఒంటి కన్నం లాప్‌టాప్‌కి ముసలి మానిటర్‌తో సంబంధం కలపాలండి. కలిశాక ఆకలితో చావకూడదు" అన్నాను.

తల ఎత్తాడు. "ఆ మానిటర్ వెనకాల మూతి ఏంటి? నీలమా, తెలుపా?"

"నీలమండి. దుద్దులు కూడా ఉన్నాయి."

"ఆ కన్నంలోంచి బొమ్మ వస్తుందా అసలు? కొన్నిట్లో చార్జింగే ఉంటుంది, బొమ్మ రాదు."

వచ్చిందని చెప్పాను. ఆయన లేచి, అటక మీద నుంచి ఒక పెట్టె తీసి, అందులోంచి అరచేతిలో పట్టేంత నల్లటి హబ్ ఒకటి పైకి తీశాడు. ఒక చివర వీజీఏ మూతి. ఊరికే ఇచ్చి పంపలేదు. తన పాత మానిటర్ ఒకటి తెచ్చి తగిలించి, బొమ్మ వచ్చేదాకా చూసి, మెల్లిగా కదిలించి, మళ్ళీ చూసి, అప్పుడు నా చేతిలో పెట్టాడు. తరువాత ఒక పక్కన ఉన్న రెండు టైప్-సి కన్నాలు వేలితో చూపిస్తూ, "అబ్బాయ్, ఇది జాగ్రత్తగా విను. ఈ రెండూ ఒకలాగే ఉంటాయి గానీ..." అని మొదలుపెట్టాడు.

అప్పుడు నా నోరు ఊరుకుందా! "కవలలన్న మాట! పెళ్ళి చెయ్యాలంటే ఒకే ఇంట్లో ఇద్దరన్నదమ్ముల్ని చూడాలి బాబాయ్ గారూ" అన్నాను. లెక్చరర్లిద్దరూ పగలబడి నవ్వారు. నవ్వించినప్పుడు నా చెవులు మూసుకుపోతాయి, చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బే. ఆ నవ్వుల కింద ఆయన మిగతా వాక్యం పూర్తి చేశాడు. నేను తల ఊపాను. తల ఊపడం నాకు బాగా వచ్చు, ఎనిమిదో తరగతి దాకా దానితోనే నెట్టుకొచ్చాను.

శుక్రవారం అన్నీ తగిలించాం. హబ్ తోక లాప్‌టాప్‌లోకి, నీలం తలకాయ హబ్‌లోకి, చార్జర్ కవలల్లో ఒకదానిలోకి. మానిటర్ కళ్ళు తెరిచింది. ముందు రెండింట్లోనూ ఒకే బొమ్మ. బావమరిదికి ఫోన్ చేస్తే, ఏవో రెండు మీటలు కలిపి నొక్కి 'ఎక్స్‌టెండ్' అన్నది ఎంచుకోమన్నాడు. అంతే, చిన్న స్క్రీన్ దాని దారిన అది, పెద్ద స్క్రీన్ దాని దారిన అది. మా ఆవిడ బాణం గుర్తుని కుడివైపుకి జరుపుతూ పోయింది. లాప్‌టాప్ అంచు దగ్గర మాయమై, మానిటర్‌లో తేలింది.

"ఏవండీ! గోడ దూకేసింది!"

మళ్ళీ ఇటు తెచ్చింది, మళ్ళీ అటు దూకించింది. పది సార్లు అటూ ఇటూ ఆడించింది. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆవిడ ఏదైనా ఊరికే ఆడుకోవడం నేను చూడటం అదే మొదలు. మా ముసలి మానిటర్‌లో పుస్తకం పేజీ అన్నం తినే కంచమంత అక్షరాలతో నిలబడింది. "ఒత్తులు కనిపిస్తున్నాయి" అంది, ఎవరో చుట్టాలు కనిపించినట్టు.

ఆ సంబరంలో కింద మూల బ్యాటరీ గుర్తు ఎవరూ చూడలేదు. చూసేసరికి తొంభై కాస్తా డెబ్బై అయింది. చూస్తుండగానే అరవై తొమ్మిది. మళ్ళీ బావమరిదికి ఫోన్.

"ఏ చార్జర్ పెట్టారు బావా?"

"నువ్వు పంపిందేరా. తెల్లటిది, అగ్గిపెట్టంత."

అవతల తల కొట్టుకున్న చప్పుడు వినిపించింది. "అయ్యయ్యో, అది నా పాత ఫోన్‌ది! లాప్‌టాప్‌ది నల్లగా ఇటుకంత ఉంటుంది. అది ఇక్కడే ఉండిపోయింది. ఇన్నాళ్ళూ దీంతో ఎలా ఎక్కించారు?"

ఎలా అంటే, రాత్రంతా పెడితే పొద్దుటికి నిండేది. అది దాని పద్ధతి కాబోలనుకున్నాం. నాజూకైన మనుషులు నెమ్మదిగానే తింటారు కదా.

శనివారం రేపల్లె ప్రయాణం. అక్కడితో రైలు పట్టాలు అయిపోతాయి, అందుకే బండిలో నిద్రపోయినా భయం లేదు. బావమరిది స్టేషన్‌కే వచ్చి ఇటుక చేతిలో పెట్టాడు. ఇంటికి తీసుకెళ్ళి అన్నం పెట్టకుండా వదల్లేదు. తింటూ ఉంటే చెప్పాడు:

"అక్క సంగతి మీకేం తెలుసు బావా. కాలేజీలో నేనొక అమ్మాయికి ఉత్తరం రాసి పుస్తకంలో దాచాను. అక్క కంట పడింది. నాన్నకి చెబుతుందని చచ్చాను. చెప్పలేదు. మర్నాడు అదే పుస్తకంలో ఉత్తరం ఉంది, ఎర్ర సిరాతో దిద్ది. పద్దెనిమిది తప్పులు!"

"ఇచ్చావా ఆ అమ్మాయికి?"

"ఏమిస్తాం బావా. తప్పులన్నీ తీసేశాక అందులో ప్రేమ మిగల్లేదు."

నవ్వాడు గానీ, వెంటనే కంచం వైపు చూస్తూ అన్నాడు: "ఆ పరీక్ష అక్క నెగ్గాలి బావా. నా చదువంతా అక్క దిద్దిందే. నా సర్టిఫికెట్ మీద నా పేరే ఉంది."

ఇటుక సంచిలో వేసుకుని తిరుగు బండి ఎక్కాను. ఇంటికి వెళ్ళి సరి చూసుకునే వీలు లేదు. ఆ సాయంత్రం కొల్లిపరలో ఫంక్షన్ ఒప్పుకున్నాను. అక్కడ సామాను సర్దుకుని తిరిగొచ్చేసరికి ఆవిడ పడుకుంది. పరీక్ష ముందు రోజు లేపకూడదని ఊరుకున్నాను. ఇటుక వచ్చిందిగా, ఇక ఏముంది?

ఆదివారం పొద్దున్న తొమ్మిదింటికి ఆవిడ తల స్నానం చేసి, దేవుడికి దీపం పెట్టి, బల్ల ముందు కూర్చుంది. నేను అన్నీ తగిలించాను. ఇటుక తాడు తీసుకెళ్ళి, మొన్న పెట్టిన కన్నంలోనే పెట్టాను. మానిటర్ వెలిగింది. బ్యాటరీ గుర్తు చూశాం. ఎనభై మూడు. ఎనభై రెండు.

ఇటుక తీసి మళ్ళీ పెట్టాను. స్విచ్ వేసి చూశాను, ప్లగ్గు మార్చాను. ఎనభై. ఇటుక పాడైందేమోనని హబ్ తీసేసి నేరుగా లాప్‌టాప్‌కి పెడితే బ్రహ్మాండంగా ఎక్కుతోంది. హబ్ మధ్యలో పెట్టగానే ఆగిపోతోంది. బాపట్ల పెద్దాయనకి ఫోన్ చేస్తే ఎత్తలేదు, ఆదివారం. ఆయన ఏదో చెప్పాడు, వేలితో చూపించి మరీ చెప్పాడు. ఏం చెప్పాడో గుర్తు తెచ్చుకుందామని కళ్ళు మూసుకున్నాను. లెక్చరర్ల నవ్వు వినిపించింది, అంతే. నా జోకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. ఆయన మాట ఒక్క ముక్క గుర్తు లేదు.

తొమ్మిదీ ఇరవై ఐదు అయింది. నేనింకా పిన్ను పీకి పెడుతూనే ఉన్నాను.

"పోనీలెండి. పెద్ద స్క్రీన్ తీసేయండి. చార్జర్ నేరుగా పెట్టండి. చిన్నదాంట్లోనే రాసేస్తాను" అంది.

తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. మొన్న ఎర్రబడిన ఆ కళ్ళతో మూడు గంటలు ఆ చీమల బారులు చదువుతానంటోంది, నేను బాపట్లలో ఇద్దరు మనుషుల్ని నవ్వించినందుకు. నా నోటికి తాళం వేసే కన్నం కూడా ఎవరైనా కనిపెడితే బాగుండునని ఆ క్షణంలో అనిపించింది. జరిగింది చెప్పేశాను: ఆయన చెప్పాడనీ, నేను వినలేదనీ, ఎందుకు వినలేదో కూడా.

ఆవిడ నా వైపు చూసింది. "రెండూ ఒకలాగే ఉంటాయి గానీ, అన్నాడా?"

"ఆ. అక్కడిదాకా విన్నాను."

"గానీ అన్నాడంటే తేడా ఉందన్న మాట" అని చెయ్యి చాపింది. "ఇటివ్వండి."

హబ్ తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళింది. నేను దాన్ని మూడు రోజులుగా తిప్పి తిప్పి చూశాను, నల్ల పలక తప్ప ఏమీ కనిపించలేదు. ఆవిడ దాన్ని ఎండకి ఏటవాలుగా పట్టుకుంది. చివరి మూతి నుంచి మొదలుపెట్టి, వెనక నుంచి ముందుకు, బొటనవేలి గోరు ఒక్కో మూతి మీద ఆపుకుంటూ వచ్చింది. శుభలేఖ చదివినట్టే. నేను చూసినప్పుడు హబ్బు మొత్తంగా కనిపించింది, 'ఇది హబ్బు' అని మనసు సర్దేసుకుంది. ఆవిడకి ఒక్కో కన్నం ఒంటరిగా దొరికింది.

"ఇక్కడ త్రిశూలం లాంటి గుర్తుంది" అంది. నల్ల పలక మీద నల్లగానే చెక్కారు మహానుభావులు. గోరు పక్కకి జరిగింది. "ఇక్కడ ప్లగ్గు బొమ్మ ఉంది. మీరు దేన్లో పెట్టారు?"

త్రిశూలంలో పెట్టాను. మొన్నా అందులోనే, ఇవాళా అందులోనే. అది పెన్‌డ్రైవ్ లాంటి వాటికట, దాంట్లోంచి కరెంటు లోపలికి పోదట.

ప్లగ్గు బొమ్మ కన్నంలో పెట్టింది. లాప్‌టాప్ 'టుంగ్' మంది. బ్యాటరీ గుర్తు మీద మెరుపు వచ్చింది. డెబ్బై ఎనిమిది, అక్కడే నిలబడింది. కాసేపటికి డెబ్బై తొమ్మిది. మానిటర్ వెలుగుతూనే ఉంది. ఒకే కన్నంలోంచి తిండి లోపలికి, చూపు బయటికి. అప్పటికి తొమ్మిదీ నలభై.

నేను ఎగిరి గంతేశాను. ఆవిడ అద్దం దగ్గరికి వెళ్ళింది. మా ఇంట్లో అద్దం అంచు నిండా ఆవిడ స్టిక్కర్ బొట్లు అంటించి ఉంటాయి. ఒక చిన్న ఎర్ర బొట్టు గిల్లి తెచ్చి, ప్లగ్గు బొమ్మ కన్నం పక్కన అంటించింది.

"ఇక మీరు ఎన్ని జోకులు వేసుకున్నా పరవాలేదు" అని తలుపు వేసుకుంది.

మూడు గంటలు నేను గుమ్మంలో కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నాను. జీవితమంతా చప్పుడు అమ్ముకుని బతికినవాణ్ణి, ఆ రోజు నిశ్శబ్దం కాశాను. కుక్కర్ పెట్టనివ్వలేదు. పక్కింటి పిన్నిగారు కరివేపాకు కోసం వచ్చి "ఏంటయ్యా..." అనేలోగా నోటి మీద వేలు పెట్టి, దోసిట్లో కరివేపాకు పోసి, నమస్కారం పెట్టి పంపేశాను. ఆవిడ వెళ్ళి, నాకు గొంతు పోయిందని వీధంతా చెప్పిందట. సాయంత్రం ముగ్గురు మిరియాల పాలు తాగమని సలహా ఇచ్చారు.

ఒంటిగంటకి మా ఆవిడ తలుపు తీసుకుని వచ్చింది. ఎలా రాశావని అడిగే ధైర్యం లేక, చార్జింగ్ ఎంత ఉందని అడిగాను.

"నూటికి నూరు" అంది. తరువాత, "వాళ్ళు ఇచ్చిన అసలు పుస్తకంలోనే ఒక తప్పుందండి. అది కూడా రాశాను. ఏమనుకుంటారో" అంది.

వాళ్ళేమనుకున్నారో పది రోజులకి తెలిసింది. పని పంపించారు. ఆ తప్పు ఇన్నేళ్ళుగా ఎవరూ పట్టలేదట.

ఆ ఫోన్ చార్జర్ బొట్టు కన్నంలో పెట్టి ఉంటే సరిపోయేదేమో, రేపల్లె ఊరికే వెళ్ళానేమో అని నాకొక అనుమానం ఉండేది. తరువాత ఒక రోజు రహస్యంగా పెట్టి చూశాను. ఎక్కుతున్నట్టే చూపించింది గానీ మానిటర్ వెలుగుతుంటే అంకె మెల్లిగా కిందికే దిగింది. రేపల్లె వృథా కాలేదు. ఆ ఒక్క విషయంలో నా పరువు నిలిచింది. బాపట్ల వెళ్ళి పెద్దాయనకి కూడా జరిగింది చెప్పాను. "నేను ఆ రోజే అనుకున్నాను, నువ్వు వినలేదని" అన్నాడు. ఆయన దగ్గరున్న హబ్బులన్నిటికీ ఇప్పుడు ప్లగ్గు కన్నం పక్కన ఎర్ర చుక్క ఉంటుంది. నా ఆంప్లిఫయర్ వెనకాల కూడా ఉన్నాయి, మా ఆవిడ అద్దం మీద నుంచి వచ్చినవే. పెళ్ళిళ్ళలో చూసినవాళ్ళు ఆయుధపూజ ఎప్పుడు చేశావని అడుగుతారు.

మొన్నామధ్య ఒక పార్సిల్ వచ్చింది. మూడో తరగతి పిల్లల పుస్తకం. మా ఆవిడ బల్ల ముందే కూర్చుని ఉంది, చదరపు మొహం మానిటర్‌లో ఇంకో పుస్తకం తెరుచుకుని. పార్సిల్ విప్పి మొదటి పేజీ తిప్పాను. కింద, బాగా కింద, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది ఆవిడ పేరు. నేను ఒక్క క్షణంలో చదివేశాను. మనసు చదివేసింది.

పుస్తకం ఆవిడ చేతిలో పెట్టాను. ఆవిడ కిటికీ వైపు తిప్పుకుంది. బొటనవేలి గోరు పేరులోని చివరి అక్షరం మీద ఆగింది. అక్కడి నుంచి వెనక్కి, ఒక్కో అక్షరం, ఒక్కో గుడి, ఒక్కో ఒత్తు. మొదటి అక్షరం దగ్గరికి రావడానికి చాలాసేపు పట్టింది. నా దగ్గర ఆ సందర్భానికి సరిపోయే జోకు ఒకటి కాదు, మూడున్నాయి. ఒక్కటీ వెయ్యలేదు.

"తప్పు లేదండి" అంది.